అంగుళంపావు చెక్క

లోపలి గదిలో రంపం నా తుపాకీ మడమని, భుజానికి ఆనించే చెక్కని, కోస్తోంది. మెషీను పెడితే అంచు చిట్లుతుందట, చేత్తోనే కోస్తానన్నాడు హార్లన్. కోసి, నునుపు చేసి, వెనక మెత్తటి రబ్బరు బిగించడానికి గంట పడుతుంది, ఆ పొయ్యి దగ్గర కూచోండి మిస్ వెర్నా అన్నాడు. కూచున్నాను. నా పక్కన బల్లమీద ఓరిన్ కూచున్నాడు. ఎనభై మూడేళ్ళ మనిషి, మా రోడ్డులోనే రెండిళ్ళ అవతల కూతురి దగ్గర ఉంటాడు. డోనట్ తింటున్నాడు. గడ్డం మీద పంచదార పొడి రాలుతోంది, దులుపుకోవడం లేదు. కూతురు డెల్ఫీన్‌కి ఇవాళ పోస్టాఫీసులో పని, ఆయన్ని ఒంటరిగా వదిలే రోజులు పోయాయి, అందుకని నాతో తీసుకొచ్చాను. పదకొండు రోజుల క్రితం ఉదయం ఎనిమిది గంటలకి నేను ఈయన్ని కాల్చబోయాను. ఆ సంగతి ఈ లోకంలో నాకొక్కదానికే తెలుసు. ఆయనకి కూడా తెలియదు.

కిటికీలో ఇంకా నీలంగానే ఉంది. పదకొండు కావస్తోంది, ఇంకాసేపట్లో దక్షిణాన కొండల మీద సూర్యుడి అంచు తేలుతుంది, కాసేపు ఆ కొండల్ని రాసుకుంటూ దొర్లి మళ్ళీ దిగిపోతుంది. ఫెయిర్‌బ్యాంక్స్‌లో నలభై డిసెంబర్లు గడిపాను, ముప్ఫై ఏళ్ళు స్కూలు బస్సు నడిపాను, ఈ చీకట్లోనే, మైనస్ ముప్ఫై డిగ్రీల చలిలో, మలుపు మలుపుకీ ఎదురుచూస్తున్న పిల్లల నుదుటి దీపాలు ఏరుకుంటూ. చీకటంటే భయం లేని మనిషిననుకున్నాను. నా బస్సులో వెనక సీటుకి చూయింగ్ గమ్ అంటించిన హార్లన్ ఇప్పుడు ఊరికి పెద్ద తుపాకుల మేస్త్రీ. ఇందాక గాజుబల్ల మీద తెల్ల గుడ్డ పరిచి తుపాకీకి తగిలించే సామాన్లన్నీ వరసగా పెట్టాడు, వాటిని చూస్తుంటే నాకు నవ్వొచ్చింది, ఆస్పత్రిలో ఆపరేషనుకి ముందు అలాగే పెడతారు. గురి చూడటానికి ఎర్ర చుక్క పడేది ఒకటి. భుజానికి తగిలించుకునే పట్టీ ఒకటి. ఇంకో మూడు తూటాలు పట్టే పొడుగు గొట్టం. మడమ తీసేసి పెట్టుకునే పొట్టి పిడి.

"ఇవన్నీ నాకు కావాలంటావా?" అన్నాను.

"అమ్మాలంటే అన్నీ కావాలంటాను. మీకైతే నిజం చెప్తాను. ఆ పొట్టి పిడి సినిమాల్లో బాగుంటుంది, కాలిస్తే మణికట్టు పోతుంది. పట్టీ వేటకి మంచిదే గానీ ఇంట్లో తలుపు పిడికి తగులుకుంటుంది. ఎర్ర చుక్క కొంటే దాని బ్యాటరీ ఎప్పుడు చచ్చిందో మీకు తెలీదు. మీకు కావలసింది మీ చేతికి సరిపోయే తుపాకీ. ఒకసారి ఎత్తండి."

నాలుగు సార్లు తూటా గది తెరిచి చూసి, వేలు పెట్టి తడిమి, ఖాళీ అని నిర్ధారణ చేసుకుని ఇచ్చాడు. మూల ఉన్న ఎలుగుబంటి బొమ్మ వైపు ఎత్తాను. మడమ నా చంకలో తగులుకుంది. ముందుకి తోసి, మళ్ళీ వెనక్కి లాక్కుని, అప్పుడు భుజానికి ఆనించాను. హార్లన్ తల అడ్డంగా ఊపాడు. "అంగుళంపావు ఎక్కువుంది. ఆర్వో చేతులకి చేయించింది కదా. కోసేద్దాం. ఆ ఒక్క క్షణం చాలు మిస్ వెర్నా, అంతా అయిపోవడానికి."

ఆర్వో నా భర్త, ఉత్తరాన చమురు బావుల్లో మూడు వారాలు పని, మూడు వారాలు ఇల్లు, ఇప్పుడు అక్కడున్నాడు. ఆయన చేతులు పొడుగు. ఆ పొడుగు చేతుల వల్లే ఓరిన్ ఇక్కడ కూచుని డోనట్ తింటున్నాడు. ఆ మాట నోటిదాకా వచ్చింది, హార్లన్‌కి చెప్పలేదు, కోసెయ్ అన్నాను. ఇప్పుడు రంపం ముందుకీ వెనక్కీ పోతోంది, పొయ్యిలో కట్టె చిటపటమంటోంది, నేను ఇంకా అదే క్షణంలో ఉన్నాను, ఆ మంచం పక్కనే, నేల మీద వట్టి కాళ్ళతో.

ఆ ఉదయం, రాత్రి కురిసిన మంచు బరువుకి ఎక్కడో చెట్టు విరిగి తీగల మీద పడింది, కరెంటు లేదు. మా రోడ్డులో ఆ వారమే రెండిళ్ళలో దొంగలు పడ్డారు, కట్టెలు కోసే మెషీన్లు, ఒక జనరేటరు పట్టుకుపోయారు, అందుకే తుపాకీ మంచం పక్కకి వచ్చింది. మిగతా తూటాలు వంటింటి సొరుగులోనే ఉండిపోయాయి. దళసరి ఉన్ని గౌను వేసుకుంటున్నాను, అప్పుడు విన్నాను. బయటి తలుపు. గడియ వేసే ఉంది, నాకు బాగా గుర్తు, పాతకాలపు చెక్క గడియ, బయటినుంచి ఎవడూ తియ్యలేడని మేము నమ్మిన గడియ. అది కిర్రుమనలేదు, విరగలేదు. తలుపుని కింద ఎడమవైపు ఎవరో మోకాలితో నొక్కి, పైకి కాస్త ఎత్తారు, గడియ దానంతటదే లేచింది. తర్వాత చలిగదిలో అడుగులు. కోట్లూ బూట్లూ విడిచే ఆ చిన్న గదిలో, చీకట్లో, దేన్నీ తగలకుండా. లోపలి తలుపు. నడవా. మా నడవాలో నాలుగో పలక కిర్రుమంటుంది, కొత్తవాళ్ళెవరొచ్చినా దానిమీద అడుగేస్తారు, ఆర్వో కూడా ఇప్పటికీ వేస్తాడు. ఆ అడుగులు దాన్ని దాటి పడ్డాయి. వీడెవడో నా ఇంటిని ముందే నేర్చుకుని వచ్చాడు, నేను నిద్రపోతుండగా ఎన్ని సార్లు వచ్చాడో అనుకున్నాను. ఎవరది అని అరిచాను. అడుగులు ఆగలేదు. మళ్ళీ అరిచాను, తుపాకీ ఉంది, కాలుస్తాను అన్నాను. ఆగలేదు. ఆగడానికి ఆయనకి వినబడితే కదా, వినికిడి యంత్రాలు కూతురింట్లో గిన్నెలో ఉన్నాయి. నేను సేఫ్టీ మీట తీశాను. వేలు ట్రిగ్గర్ మీద పెట్టాను. పెట్టకూడదని పద్నాలుగో ఏట మా నాన్న నేర్పాడు, వేలు నిటారుగా పక్కన ఉండాలి, చూసేదాకా ఉండాలి అని, నేను పిల్లలెంతమందికో అదే చెప్పాను, అయినా పెట్టాను. గుమ్మంలో చీకటికంటే చిక్కటి ఆకారం ఒకటి నిలబడింది. తుపాకీ ఎత్తాను. మడమ గౌను చంకలో ఇరుక్కుంది. ముందుకి తోశాను. ఆ తోసేంతసేపట్లో ఆకారం మాట్లాడింది.

"లోయిస్, పొయ్యి ఆరిపోనిచ్చావేంటే?"

లోయిస్ ఆయన భార్య. పోయి పంతొమ్మిదేళ్ళు. మా ఇల్లు ఒకప్పుడు వాళ్ళది. చమురు పైపులైను వేసే రోజుల్లో, ఇటు ఉద్యోగాలకి జనం విరగబడి వచ్చిన రోజుల్లో, ఓరిన్ ఒక్కడే రెండు వేసవుల్లో దాన్ని కట్టాడు, ప్రతి పలకా తన చేత్తో దిగ్గొట్టాడు, ఆ గడియా ఆయన చెక్కిందే. తర్వాత మాకు అమ్మాడు. ఇప్పుడు ఆయనకి కూతురి పేరు ఒకో పూట గుర్తుండదు. ఇది ఏ సంవత్సరమో తెలియదు. కానీ మైనస్ ముప్ఫై అయిదులో, వట్టి మేజోళ్ళతో, రెండిళ్ళు దాటి, మెట్లెక్కి, గడియ ఎక్కడ నొక్కాలో అక్కడ నొక్కి, కిర్రుమనే పలక దాటి వచ్చాడు. తలలోంచి పోయిన ఇల్లు పాదాల్లో ఉంది. ఇన్ని రోజులుగా దాని గురించే ఆలోచిస్తున్నాను, వంట చేస్తూ, మంచు తోస్తూ. మనిషిలో ఎక్కడెక్కడ ఏముంటుందో, ఏది ఆరిపోయాక కూడా ఏది వెలుగుతూ ఉంటుందో. అంతా పోయిందనుకున్నవాడి అరికాళ్ళ కింద ఒక ఇల్లు పూర్తిగా, మేకుతో సహా, నిలబడి ఉంది. అంతా ఉందనుకున్న నాలో, దాదాపు యాభై ఏళ్ళుగా తెలిసిన ఒక్క పాఠం, వేలు నిటారుగా పెట్టడం, ఆ కాస్త అడుగుల చప్పుడుకి కూడా నిలవలేదు. మా ఇద్దరి మధ్య అంగుళంపావు చెక్క ఉంది.

రంపం ఆగింది. ఓరిన్ తలెత్తి లోపలి గది వైపు చూశాడు.

"ఏం చేయిస్తున్నావమ్మాయ్?"

"తుపాకీ మడమ కోయిస్తున్నాను, పెద్దాయనా."

"దేనికి?"

"నా చేతికి పొడుగైంది."

"ఇంట్లోకి ఎవడైనా జొరబడ్డాడా?"

మామూలుగా అడిగాడు, చెవి దగ్గర గోక్కుంటూ. నేను పొయ్యి వైపు చూశాను. లేదని అనొచ్చు. ఆయనకి ఏం చెప్పినా పది నిమిషాల్లో పోతుంది, అది ఎంత సుఖమైన సంగతో అంత భయంకరమైన సంగతి. "జొరబడ్డాడు" అన్నాను.

"ఎవడు?"

"ముందు తెలియలేదు. కరెంటు లేదు. మేజోళ్ళతో వచ్చాడు."

"బూట్లు లేకుండానా? ఈ చలిలోనా?" గట్టిగా నవ్వాడు, పంచదార పొడి ఎగిరింది. "దొంగతనానికి బూట్లు లేకుండా ఎవడొస్తాడే? వాడు దొంగ కాదు. ఇంటికి పోతూ ఉంటాడు, పాపం."

"అవును, ఇంటికే పోతున్నాడు" అన్నాను.

"కాళ్ళు చూశావా? వేళ్ళు నల్లబడ్డాయా?"

"చూశాను. గోరువెచ్చటి నీళ్ళలో పెట్టాను. రెండు వేళ్ళు బొబ్బలెక్కాయి. దక్కాయి."

"కాఫీ ఇచ్చావా?"

"ఇచ్చాను. కానీ ముందు తుపాకీ ఎత్తాను, పెద్దాయనా. వేలు ట్రిగ్గర్ మీద పెట్టాను."

ఆయన నన్ను చూశాడు. ఆ కళ్ళు లేత నీలం, అంచుల్లో తెల్లబడ్డాయి, ఒక్కోసారి వాటి వెనక ఎవరూ ఉండరు, కానీ అప్పుడు ఉన్నారు, ఇల్లు కట్టినవాడు ఉన్నాడు. "కాల్చావా?" అన్నాడు.

"లేదు."

"మరింకేం" అన్నాడు, అని డోనట్‌లో మిగిలిన ముక్క నోట్లో పెట్టుకున్నాడు.

అంతే. పదకొండు రోజులు నేను మోసిన దాన్ని ఆయన ఒక్క మాటతో నేల మీద దించాడు, దించినట్టు కూడా ఆయనకి తెలియదు. ఇంతలో కిటికీ అంచున బంగారు గీత ఒకటి పాకింది, గాజుబల్ల మీద ఓ పక్క పేర్చిన తూటాల ఇత్తడి అడుగులన్నీ ఒక్కసారి వెలిగాయి, మూల ఎలుగుబంటి బొమ్మ కూడా ఏదో ఆలోచిస్తున్నట్టు కనబడింది. ఓరిన్ ఆ ఎండ కేసి ముఖం తిప్పి కళ్ళు మూసుకున్నాడు. నేనూ మూసుకున్నాను. రెప్పల వెనక ఎర్రగా, వెచ్చగా ఉంది. కొండల మీది నుంచి ఎంత దూరం వచ్చి ఆ వెలుగు ఇద్దరు ముసలాళ్ళ రెప్పల మీద కూచుంటుందో, ఎవరూ పిలవకుండానే ఎలా వస్తుందో అనుకుంటే, ఈ మధ్య ఎన్నడూ లేనంతగా ఊపిరి లోపలిదాకా పోయింది.

హార్లన్ గుమ్మంలోకి వచ్చాడు, చేతిలో కోసిన మడమ. "రబ్బరు పెట్టే ముందు ఒక్కసారి ఆనించి చూడండి." నేను అందుకోబోయేలోగా ఓరిన్ చెయ్యి చాచాడు. హార్లన్ నావైపు చూసి, మడమ ఒక్కటే కదా, ఇచ్చాడు. ఓరిన్ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. "వాల్‌నట్" అన్నాడు. బొటనవేలితో కోసిన తలం మీద నెమ్మదిగా రాశాడు, ఒక మూల ఆగాడు. "ఇక్కడ ఎత్తుగా ఉంది బాబూ."

"లేదు సార్, కొలిచాను."

"కొలువు మళ్ళీ."

హార్లన్ జేబులోంచి ఉక్కు బద్ద తీసి ఆనించి, వెలుతురుకి ఎత్తి, ఒక కన్ను మూసి చూశాడు. బద్దకీ చెక్కకీ మధ్య కాగితమంత సందు. "వెంట్రుకంత. బస్సులో అయితే మిస్ వెర్నా నన్ను దింపేసేవారు" అన్నాడు. ఓరిన్ అప్పటికే మడమని తిరిగి ఇచ్చేసి, ఇది ఎవరిది, మనం ఎక్కడున్నాం అని అడుగుతున్నాడు.

ఇక లైటు. దానికోసమే వచ్చాను నిజానికి. తుపాకీ గొట్టం కింద, ఎడమచేత్తో పట్టుకునేచోట బిగించే లైటు, వేలు నొక్కితే వెలుగుతుంది. బల్ల మీద పెట్టాడు. "బిగించమంటే బిగిస్తాను" అన్నాడు హార్లన్. "మా దగ్గర ఎక్కువ పోయేది ఇదే, రెండు చేతులూ తుపాకీ మీదే ఉంటాయి, మంచి వస్తువు. కానీ ఒక్కమాట. దీంతో ఎవరి మొహం చూడాలన్నా ముందు వాళ్ళవైపు గొట్టం ఎత్తాలనిపిస్తుంది. నేలకేసి వెయ్యొచ్చు, కప్పుకేసి వెయ్యొచ్చు, గదంతా వెలుగొస్తుంది, అలా చెయ్యాలని నేర్పుతాం. కంగారులో ఎంతమందికి గుర్తుంటుందో మాత్రం నాకు తెలీదు."

నాకు గుర్తుండదు. ఆ ఉదయం నుంచి ఆ సంగతి నాకు స్పష్టంగా తెలుసు. "చేతి టార్చి చూపించు" అన్నాను.

బొటనవేలంత లావు, అరచేతి పొడుగు, తోకలో మీట, వేలికి తగిలించుకునే రింగు. సామాను గదిలోకి తీసుకెళ్ళాడు, కిటికీల్లేని గది, తూటాల పెట్టెలు కప్పుదాకా. ఓరిన్ కూడా మా వెనకే వచ్చాడు, వద్దంటే వింటాడా. హార్లన్ తలుపు మూసి దీపం ఆర్పాడు. కన్ను పొడుచుకున్నా కనబడని చీకటి. మళ్ళీ ఆ గుమ్మం, ఆ ఆకారం. ఎక్కడో నా ఎదురుగా ఒక ముసలి ఊపిరి పోతోంది వస్తోంది. టార్చి కప్పుకేసి ఎత్తి నొక్కాను.

తెల్ల కప్పు మీంచి వెలుగు గదంతా ఒలికింది, ఏ ఒక్కరి కళ్ళలోనూ పొడవకుండా, మంచు మీద తెల్లారినట్టు. గది ఈ చివర నుంచి ఆ చివరదాకా ఒక్కసారే కనబడింది. ఎదురుగా ఓరిన్. ఎంత వివరంగా ఉన్నాడు! కనుబొమల్లో పొడుగ్గా పెరిగిన రెండు వెంట్రుకలు, చెంప మీద చిన్నప్పటి ఏదో గాటు, తప్పు కన్నంలో పెట్టిన చొక్కా బొత్తాం, గడ్డం మీద పంచదార. ఎనభై మూడేళ్ళ పనితనం. అది మొత్తం ఆ ఉదయం ఆ గుమ్మంలోనే ఉంది, ఇంతే వివరంగా, ఇంతే నిండుగా, నాకు చిక్కటి నీడలా కనబడుతూ. చీకట్లో నిలబడ్డ ప్రతి ఆకారంలోనూ ఇదంతా ఉంటుంది కాబోలు, దొంగలో కూడా ఉంటుంది కాబోలు. దొంగయితే ఏం చేసేదాన్నో నాకు తెలియదు, అవసరమైతే కాలుస్తాను, అందుకే కదా తుపాకీ. కానీ చూసి కాలుస్తాను. చూడటమంటే ఏమిటో అరవై ఒకటో ఏట, తూటాల పెట్టెల మధ్య నిలబడి తెలుసుకున్నాను.

"కప్పుకి సున్నం మళ్ళీ వెయ్యాలి" అన్నాడు ఓరిన్ పైకి చూస్తూ.

టార్చి తీసుకున్నాను. తుపాకీ పక్కన అతికించే గుడ్డ పట్టీ తీసుకున్నాను, అయిదు తూటాలు గుచ్చుకోవచ్చు, మళ్ళీ వంటింటి సొరుగుల్లో వెతుక్కోనక్కర్లేదు. ఉత్తుత్తి తూటాలు ఒక పెట్టె, సాధన కోసం: ముందు టార్చి, తర్వాత కేక, తర్వాత తుపాకీ, వేలు నిటారుగా, రోజుకి ఇరవై సార్లు, చేతికి పట్టేదాకా. పాదాలకి ఇల్లంతా పట్టినప్పుడు వేలికి ఇంతమాత్రం పట్టదా. పూర్తయిన తుపాకీ ఎత్తి చూశాను. రబ్బరు మెత్తగా భుజంలో కూచుంది, ఏ అడ్డూ లేకుండా, ఒక్క ఊపులో. ఇంక నన్ను ఆపేది ఆ చెక్క కాదు. నేనే ఆపుకోవాలి. తుపాకీ బరువు తగ్గింది, నా మీద బరువు పెరిగింది.

పన్నెండున్నరకి డెల్ఫీన్ కారు బయట ఆగింది. ఇంజిను ఆపకుండానే దిగింది, ఈ చలిలో ఆపితే మళ్ళీ లేవదు. తండ్రిని సీట్లో కూచోబెట్టి, బెల్టు పెట్టి, మోకాళ్ళ మీద దుప్పటి కప్పి నా దగ్గరికొచ్చింది. నోట్లోంచి ఆవిరి. "ఏమైనా సతాయించాడా?"

అప్పుడు చెప్పాను. నిలబడే చెప్పాను, తుపాకీ సంచి మా ఇద్దరి కాళ్ళ మధ్య మంచు మీద. సేఫ్టీ తీశానని, వేలు పెట్టానని, మడమ చంకలో ఇరుక్కుందని, ఆయన లోయిస్ అన్నాడని. తలుపు తెరిచి చూసి వెంటనే గుర్తుపట్టానని ఆ రోజు నీకు చెప్పింది అబద్ధమని. డెల్ఫీన్ కనురెప్పల మీద తడి అక్కడికక్కడే గడ్డకట్టింది. కారులో ఓరిన్ కిటికీ అద్దం మీద ఊపిరి వదిలి వేలితో ఏదో గీస్తున్నాడు.

"ఇప్పుడు లైటు కొన్నావా?" అంది.

"కొన్నాను. చేతిది."

"మొహం కనబడుతుందా?"

"వెంట్రుకతో సహా."

తల ఊపింది. చేతి తొడుగు తీసి ముక్కు తుడుచుకుంది, మళ్ళీ తొడుక్కుంది. "తలుపుకి ఇనప గడియ పెట్టిస్తావేమో అనుకున్నాను నేను. రోజూ అడుగుదామనుకుని ఊరుకున్నాను." "పెట్టించకు వెర్నా. నేను రాత్రంతా కాపలా కాసినా ఒకరోజు కన్నంటుకుంటుంది, ఆయన మళ్ళీ అక్కడికే వస్తాడు. తెరుచుకోకపోతే నీ మెట్ల మీదే కూచుండిపోతాడు. ఎంతసేపు బతుకుతాడు?"

నీ తండ్రి మీదికి తుపాకీ ఎత్తానని ఆమెకి ఇప్పుడే చెప్పాను. ఆ మనిషే నన్ను తలుపు తెరిచి ఉంచమంటోంది, ఆ తుపాకీ సంచికి అడ్డంగా నిలబడి. కొండల మీద ఎండ గులాబీ రంగుకి తిరిగింది, మంచు, కారు కప్పు, ఆమె టోపీ అన్నీ ఆ రంగే. పెట్టించనని తల ఊపాను.

డెల్ఫీన్ వెళ్ళి స్టీరింగు ముందు కూచుంది. కారు వెనక్కి తీసి, రోడ్డెక్కబోయి ఆగింది. అద్దం దింపింది.

"వస్తే కాఫీలో పంచదార వెయ్యకు" అని అరిచింది. "అడుగుతాడు, అయినా వెయ్యకు."